నేల పగలగొట్టే ముందు ఆ పెట్టె తెరిచి చూడండి

ఈసారి నేల కింద వేడినీళ్ల గొట్టాల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. విడివిడిగా రాస్తే చెప్పిందే చెప్పాల్సి వస్తుంది కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాం. నీళ్లు బాయిలర్‌తో వేడెక్కినా, హీట్ పంప్‌తో (బయటి గాలిలోనో భూమిలోనో ఉన్న వేడిని లాగి నీళ్లకు ఎక్కించే కరెంటు యంత్రం) వేడెక్కినా ఈ జవాబులు పనికొస్తాయి. కరెంటు తీగలతో వేడెక్కే నేల వేరే కథ, దాని జోలికి పోవడం లేదు.

ప్రశ్న: మేం కొన్న ఇల్లు 1980లలో కట్టింది. నేల కింద ప్లాస్టిక్ గొట్టాలున్నాయి. చూడ్డానికొచ్చిన ప్లంబర్ ఒక సీసాలో నల్లటి నీళ్లు పట్టి చూపించి, "వీటి ఆయుష్షు ముప్పై ఏళ్లే, ఎప్పుడైనా పగలొచ్చు, నేలంతా తవ్వి మార్చేయండి" అన్నాడు. నిజంగా అంత టెన్షన్ పడాలా?

జవాబు: ముందు ఆ సీసా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామందిని భయపెట్టేది అదే. ప్లాస్టిక్ తుప్పు పట్టదండీ. నీళ్లు నల్లగా వచ్చాయంటే ఇనుము ఎక్కడో తినేయబడుతోందని అర్థం. అది బాయిలర్ లోపల కావచ్చు, పంపు కావచ్చు, పక్క గదిలో గోడకున్న ఉక్కు రేడియేటర్ కావచ్చు, గొట్టాలు ఆ మురికిని మోసుకొస్తున్నాయంతే. కాబట్టి సీసాలో నీళ్లు చూసి గొట్టం పోయిందని ఎవరూ చెప్పలేరు. బాగుందనీ చెప్పలేరు, అది వేరే పరీక్షతో తేలాల్సిన విషయం.

ఇక ఆయుష్షు. ప్లాస్టిక్ గొట్టాల్లో రకాలున్నాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది పెక్స్, అంటే పాలిథిలీన్ అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచిన ప్లాస్టిక్. థామస్ ఎంగెల్ 1968లో దీనికో తయారీ పద్ధతి కనిపెట్టాడు, 1970ల నుంచి అది నేలల్లోకి చేరింది. దాంతోపాటు పీఈ-ఆర్‌టీ (ఎక్కువ వేడిని తట్టుకునే పాలిథిలీన్), పాలీబ్యూటిలీన్, పాలీప్రొపిలీన్, మధ్యలో అల్యూమినియం రేకు ఉన్న మల్టీలేయర్ గొట్టాలూ ఉన్నాయి. వీటిని ఎంతకాలానికి తయారు చేయాలో ఐఎస్‌ఓ 10508 ప్రమాణంలో ఒక లెక్క ఉంది, నేల వేడికి వర్తించేది అందులో క్లాస్ 4. ఆ లెక్క 50 ఏళ్లకు వేసింది: 2.5 ఏళ్లు 20 డిగ్రీల దగ్గర, 20 ఏళ్లు 40 డిగ్రీల దగ్గర, 25 ఏళ్లు 60 డిగ్రీల దగ్గర, 2.5 ఏళ్లు 70 డిగ్రీల దగ్గర. అంటే సగం కాలం 60 డిగ్రీల నీళ్లు పారినా తట్టుకోవాలని అడుగుతున్నారు. మన ఇళ్లలో నేలలోకి వెళ్లే నీళ్లు మామూలుగా 30 నుంచి 40 డిగ్రీలే ఉంటాయి. కాబట్టి ఆ 50 అనేది మందు సీసా మీద రాసే ఎక్స్‌పైరీ తేదీ కాదు, చాలా కఠినంగా వేసిన లెక్కలో కనీస హామీ. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, 1980ల నాటి గొట్టాలన్నీ ఇంత పరీక్ష దాటి వచ్చినవి కావు, అప్పట్లో మంచివీ ఉన్నాయి, నాసిరకాలూ ఉన్నాయి.

గొట్టం ముసలిదవడం అంటే ఏమిటంటే, ప్లాస్టిక్ తయారుచేసేటప్పుడు ఆక్సిజన్‌ను తట్టుకోవడానికి కొన్ని రసాయనాలు కలుపుతారు, ఏళ్లు గడిచేకొద్దీ అవి ఖర్చయిపోతాయి, అయిపోయాక ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. వేడి ఎక్కువైతే ఈ ఖర్చు వేగం పెరుగుతుంది, పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. అందుకే ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారన్నదానికంటే ఇన్నేళ్లూ ఎంత వేడి నీళ్లు పారాయన్నది నాకు ముఖ్యం. పాత ఇళ్లలో బాయిలర్ 70 డిగ్రీల నీళ్లు ఇస్తే, మిక్సింగ్ వాల్వ్ వాటిలో నేల నుంచి చల్లబడి తిరిగొచ్చిన రిటర్న్ నీళ్లు కలిపి 40కి దింపి నేలలోకి పంపుతుంది. ఆ వాల్వ్ బిగుసుకుపోయి, ఎవరూ పట్టించుకోక, నాలుగు చలికాలాలు 65 డిగ్రీలు నేరుగా నేలలోకి వెళ్లి ఉంటే అదే అసలు నష్టం.

మీరు చేయాల్సింది ఇది. గొట్టాలన్నీ వచ్చి కలిసే మానిఫోల్డ్ పెట్టె తలుపు తీయండి. నేలలోంచి పైకి లేచిన గొట్టం మీద దుమ్ము తుడిస్తే చిన్న అక్షరాలు కనబడతాయి: కంపెనీ పేరు, రకం, 16x2 లాంటి కొలత (బయటి వ్యాసం 16, గోడ మందం 2 మిల్లీమీటర్లు), చాలాసార్లు తయారైన తేదీ కూడా. అందులో డిన్ 4726 (ఇది జర్మనీ ప్రమాణం) అని ఉంటే ఆక్సిజన్ లోపలికి చొరబడకుండా అడ్డుపొర ఉన్న గొట్టమని అర్థం. దీని సంగతి కింద ఇంకో జవాబులో వస్తుంది. అక్షరాలు చెరిగిపోతే, పెట్టె దగ్గరే ఒక జానెడు ముక్క కోయించి ల్యాబ్‌కు పంపండి, ఆ రక్షణ రసాయనాలు ఇంకా ఎంత మిగిలాయో పరీక్షించి చెప్పగలరు. కోసిన ముక్కను చేత్తో వంచితే లొంగకుండా పటుక్కున విరిగిందంటే ల్యాబ్ దాకా పోనక్కర్లేదు, మీ ప్లంబర్ చెప్పింది నిజమే. వంగి మళ్లీ నిటారుగా అయ్యిందంటే నేల తవ్వడానికి తొందరేం లేదు.

ప్రశ్న: బాయిలర్ మీదున్న ప్రెషర్ గేజ్ ప్రతి రెండు వారాలకీ పడిపోతోంది. 1.5 దాకా నీళ్లు నింపుతాను, మళ్లీ 0.8కి వస్తుంది. నేల మీద తడి ఎక్కడా లేదు. గొట్టం లోపల ఎక్కడో కారుతోందా?

జవాబు: కావచ్చు, కానీ అనుమానించాల్సిన వరుసలో నేల చివరిది. అందరూ దాన్నే మొదట పెట్టుకుని నిద్ర పాడుచేసుకుంటారు. నేలలోని గొట్టం సాధారణంగా మధ్యలో ఒక్క అతుకు కూడా లేకుండా ఒకే ముక్కగా వేస్తారు, కారడానికి అక్కడ కీళ్లుండవు. కీళ్లన్నీ పెట్టెలోనూ బాయిలర్ దగ్గరా ఉంటాయి.

మొదట ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ చూడండి. సాధారణంగా ఎర్రగా గుండ్రంగా ఉంటుంది, బాయిలర్ లోపలే ఉండొచ్చు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి కదా, ఆ అదనపు నీటికి చోటివ్వడానికి అందులో రబ్బరు పొరకు ఒకవైపు గాలి, ఒకవైపు నీళ్లు ఉంటాయి. గాలి తగ్గిపోయినా రబ్బరు చిరిగినా అదనపు నీటికి చోటుండదు, వేడెక్కగానే ప్రెషర్ 3 బార్ దాకా పోయి సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నాలుగు చుక్కలు బయటికి వదులుతుంది, చల్లారాక గేజ్ కిందికి దిగుతుంది. మీరు మళ్లీ నింపుతారు, అది మళ్లీ వదులుతుంది, ఇదే సీజనంతా నడుస్తుంది. ట్యాంక్‌కు కారు టైరుకుండే లాంటి చిన్న వాల్వ్ ఒకటుంటుంది. మూత తీసి దాని పిన్ను ఒక్క క్షణం నొక్కండి. గాలి బదులు నీళ్లు వచ్చాయా, రబ్బరు పోయింది, ట్యాంక్ మార్చాలి. గాలే వస్తే దాని ప్రెషర్ కొలిపించాలి, అదీ నీటివైపు ఖాళీ చేశాక కొలిస్తేనే లెక్క, నీళ్లుండగా కొలిస్తే గేజ్‌లో ఉన్న అంకే మళ్లీ కనబడుతుంది. సేఫ్టీ వాల్వ్ గొట్టం చివర ఒక ప్లాస్టిక్ కవరు కట్టి రాత్రంతా వదిలేయండి, గాలి పోయే సందు మాత్రం ఉంచండి. పొద్దున కవర్లో నీళ్లుంటే దొంగ దొరికినట్టే.

తర్వాత పెట్టె. టార్చ్ వేసి ఒక్కో నట్టు కిందా చూడండి, వేడికి నీళ్లు ఎప్పటికప్పుడు ఆరిపోతాయి కాబట్టి తడి కనబడకపోవచ్చు. తెల్లటి ఉప్పు పెచ్చు, ఇత్తడి మీద పచ్చటి చిలుము, ఇవే గుర్తులు. అలాంటి నట్టును పావు చుట్టు బిగించి చూడవచ్చు, అంతకు మించి బలప్రయోగం వద్దు, లోపల రబ్బరు రింగు ఎండిపోయి ఉంటే ఎంత బిగించినా ఆగదు, రింగు మార్చాల్సిందే. గాలి వదిలే ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ కూడా ఇలాగే చుక్కలు చుక్కలుగా కారుతుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు నేల. వేడి ఆపేసి, నీళ్లు పూర్తిగా చల్లారాక (వేడిగా ఉన్నప్పటి అంకెనూ చల్లారాకటి అంకెనూ పోల్చకూడదు) మానిఫోల్డ్‌కు వచ్చే రెండు పెద్ద వాల్వులూ మూసి రాత్రంతా వదిలేయండి. బాయిలర్ వైపు గేజ్ పడిపోతే లీకు నేలలో కాదు, అటువైపు. పడకపోతే ప్లంబర్ మానిఫోల్డ్‌కు వేరే గేజ్ బిగించి లూపులను (మానిఫోల్డ్ నుంచి బయల్దేరి నేల కింద తిరిగి మళ్లీ అక్కడికే వచ్చే ఒక్కో గొట్టం ఒక లూపు) ఒక్కొక్కటిగా మూసి చూస్తాడు, ఏ లూపు తెరిచినప్పుడు ముల్లు దిగుతుందో అదే. ఆ గదిలో వేడిని రంగుల్లో చూపించే థర్మల్ కెమెరాతో చూస్తే వేడి మరక కొన్నిసార్లు తెలుస్తుంది. మరీ సన్నటి లీకైతే నీళ్లు తీసేసి 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన గ్యాస్ ఎక్కిస్తారు, హైడ్రోజన్ అణువు చాలా చిన్నది కాబట్టి సిమెంటు పొరలోంచి పైకి వస్తుంది, సెన్సార్‌తో నేల మీద పసిగడతారు. ఆ పాళ్లలో అది అంటుకోదు, భయం లేదు. ఇలా చోటు తేలాక ఒకటి రెండు టైల్స్ లేపితే సరిపోతుంది. చోటు తేల్చకుండా సుత్తి తీసినవాణ్ణి ఇంట్లోకి రానివ్వకండి.

లీకు ఎక్కడన్నా ఉండనివ్వండి, మీరు మాత్రం రెండు వారాలకోసారి నీళ్లు నింపుతూ సంవత్సరాలు గడపకండి. కొత్త నీళ్లతో పాటు కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది, బాయిలర్‌లో ఇనుము దాన్ని తినేసి బురదగా మారుతుంది. ఒక గ్రాము ఆక్సిజన్ సుమారు రెండున్నర గ్రాముల ఇనుమును పాడుచేసి మూడున్నర గ్రాములకు పైగా నల్ల బురద తయారు చేస్తుంది.

ప్రశ్న: బాబూ, మా ఇంట్లో అన్ని గదులూ వెచ్చగా ఉన్నాయి, నా పడకగది ఒక్కటే మంచుగడ్డ. పోయినేడు బాగానే ఉండేది. అబ్బాయి థర్మోస్టాట్ 28కి పెట్టాడు, అయినా లాభం లేదు. గొట్టం మూసుకుపోయిందంటారా?

జవాబు: అమ్మా, గొట్టం మూసుకుపోవడం అరుదు. మీ గది లూపు తెరిచే చిన్న పిన్ను ఇరుక్కుపోయి ఉండటానికే అవకాశం ఎక్కువ, అది మీ అబ్బాయి పావుగంటలో సరిచేయగలడు. థర్మోస్టాట్ 28కి పెట్టినంత మాత్రాన నీళ్లు వేగంగా రావు, దాన్ని మళ్లీ 21కో 22కో దించమనండి.

పెట్టె తెరిస్తే వరుసగా తెల్లటి మూతల్లాంటివి వైర్లతో కనబడతాయి, వాటిని యాక్చుయేటర్లంటారు. థర్మోస్టాట్ చెప్పగానే లోపలి మైనం వేడెక్కి వ్యాకోచించి వాల్వ్‌ను తెరుస్తుంది, ఇందుకు రెండు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది కాబట్టి వెంటనే ఏమీ కదల్లేదని కంగారుపడొద్దు. మీ గది యాక్చుయేటర్‌ను తిప్పి తీసేస్తే కింద సన్నటి లోహపు పిన్ను ఉంటుంది. దాన్ని స్పానర్ చదునైన వైపుతో మెల్లగా నొక్కితే మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి పోయి, వదలగానే స్ప్రింగులా పైకి రావాలి. ఎండాకాలం అంతా మూసే ఉండటం వల్ల చాలా ఇళ్లలో అది లోపలే అతుక్కుపోతుంది. రెండు చుక్కల సిలికాన్ నూనె వేసి నాలుగైదు సార్లు నొక్కి వదిలితే కదులుతుంది. శ్రావణం పెట్టి పైకి పీకొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి, అది ఊడి వచ్చిందంటే నీళ్లు మొహాన కొడతాయి.

పిన్ను బాగుంటే పక్కనే ఉన్న చిన్న గాజు గొట్టాల్లాంటి ఫ్లో మీటర్లు చూడాలి. లోపలున్న ముక్క ఏ అంకె దగ్గర ఆగిందో అది నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయో చెబుతుంది. వెయ్యి వాట్ల వేడి కావాల్సిన గదికి, వెళ్లే నీళ్లకూ వచ్చే నీళ్లకూ మధ్య 7 డిగ్రీల తేడా పెట్టుకుంటే, సుమారు రెండు లీటర్లు చాలు. మీ గదిది సున్నా దగ్గర ఆగి, మిగతావి మూడేసి చూపిస్తుంటే నీళ్లన్నీ దగ్గరి దారి చూసుకుని పోతున్నాయన్నమాట, మిగతావాటిని కొంచెం తగ్గిస్తే మీదానికి వస్తాయి. పాత ఫ్లో మీటర్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, బిగుసుకుపోతే బలవంతం చేయకుండా వదిలేయమనండి. గాజు గోధుమరంగుకు తిరిగి లోపల ఏమీ కనబడకపోతే సమస్య నీళ్లది, కింది జవాబు చదవండి. గాలి చిక్కుకున్నా ఇలాగే చల్లబడుతుంది, అప్పుడు నేలలో గలగలమని చప్పుడు వినబడుతుంది, ఆ ఒక్క లూపులోకి నీళ్లు జోరుగా పంపి గాలి తోసేయాలి.

ప్రశ్న: మానిఫోల్డ్ నుంచి బకెట్లోకి నీళ్లు పడితే సిరాలా నల్లగా వచ్చాయి, కుళ్లిన గుడ్ల వాసన కూడా ఉంది. కడిగిస్తే సరిపోతుందా?

జవాబు: కడగాలి, కానీ అది సగం పనే. మురికి ఎందుకు తయారైందో పట్టుకోకపోతే రెండేళ్లలో మళ్లీ ఇదే బకెట్.

ఆ నలుపు ఎక్కువభాగం మాగ్నెటైట్, అంటే ఇనుప ఆక్సైడ్. బకెట్లోకి అయస్కాంతం దించి చూస్తే మీసాల్లా అంటుకుంటుంది. ఆ వాసన మాత్రం బ్యాక్టీరియాది. నేల వేడి నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అది వాటికి హాయి. వాటిలో ఒక రకం నీటిలోని సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది, గొట్టాల లోపల జిగురు పొర కట్టేస్తాయి కూడా.

కడిగే పద్ధతి గురించి ఒక మాట. మొత్తం మానిఫోల్డ్ తెరిచి ఒకేసారి నీళ్లు పంపితే అవి సులువైన లూపులోంచి పోయి, మురికి ఎక్కువున్న లూపు అలాగే ఉంటుంది. ఒక్కో లూపు విడిగా కడగాలి, మిగతావన్నీ మూసి. 16 మిల్లీమీటర్ల గొట్టం లోపలి వ్యాసం 12, అంటే మీటరుకు 0.113 లీటర్లు, వంద మీటర్ల లూపులో పట్టే నీళ్లు పదకొండు లీటర్ల పైచిలుకు. కాబట్టి ఒక బకెట్ నల్లనీళ్లు పట్టి "ఇక అయిపోయింది" అని వెళ్లిపోయేవాణ్ణి ఆపండి, అప్పటికి గొట్టంలో ఉన్న నీళ్లే ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా, ఆ తర్వాత ఇంకాసేపు పోనివ్వాలి. జిగురు పొర గట్టిగా ఉంటే నీళ్లతో పాటు గాలిని విడతలు విడతలుగా కొట్టే యంత్రం వాడతారు, అది బాగా పనిచేస్తుంది. ఆమ్లాలు పోసి కడుగుతామంటే మాత్రం నాకు ఇష్టం ఉండదు, మానిఫోల్డ్ ఇత్తడికీ బాయిలర్ అల్యూమినియానికీ ముప్పు, తర్వాత ఆ ఆమ్లం పూర్తిగా పోయిందని ఎవరు హామీ ఇస్తారు?

మళ్లీ నింపే నీళ్లు కూడా చూసుకోవాలి. జర్మనీ ఇంజనీర్ల మార్గదర్శకం వీడీఐ 2035 ప్రకారం నీళ్ల పీహెచ్ 8.2కు పైన ఉండాలి, బాయిలర్‌లో అల్యూమినియం ఉంటే 9 దాటకూడదు. లవణాలు తీసేసిన నీళ్లు పోస్తే తుప్పు బాగా తగ్గుతుంది. రిటర్న్ గొట్టం మీద మాగ్నెటిక్ ఫిల్టర్ ఒకటి పెట్టించండి, ఏడాదికోసారి తీసి కడిగితే చాలు. ఎంత బురద దొరికిందో చూస్తే తుప్పు ఆగిందో లేదో మీకే తెలుస్తుంది.

ఇక ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తోంది? నీళ్లు పదేపదే నింపడం ఒక దారి. రెండోది గొట్టమే. నీళ్లను ఆపే ప్లాస్టిక్ ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపలేదు, గోడలోంచి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. అందుకే తర్వాతి తరం గొట్టాల మీద ఈవీఓహెచ్ అనే పొర వేస్తున్నారు. డిన్ 4726 ప్రకారం 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు నీటికి రోజుకు 0.1 గ్రాముకు మించి ఆక్సిజన్ చొరబడకూడదు. మీ గొట్టాలకు ఆ పొర లేకపోతే ఎంత కడిగినా మళ్లీ నలుపే, పాపం బాయిలర్ల మీద బాయిలర్లు మారుస్తూ పోయినవాళ్లున్నారు. దానికి నేల తవ్వడం కంటే చవకైన మందుంది: మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టించడం. బాయిలర్ నీళ్లు ఒకవైపు, నేల నీళ్లు ఒకవైపు, వేడి మాత్రం పలుచటి స్టీలు పలకల్లోంచి దాటుతుంది, నీళ్లు కలవవు. నేల వైపు పంపు కంచుదో స్టెయిన్‌లెస్ స్టీలుదో ఉండాలి, ఆ వైపుకు వేరే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, సేఫ్టీ వాల్వ్ కావాలి. తినడానికి ఇనుమే లేనప్పుడు ఆక్సిజన్ వచ్చినా ఏం చేస్తుంది? కొంచెం వేడి నష్టపోతారు, నీళ్లు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ పెట్టాలి. నా దృష్టిలో పాత నేలలకు ఇంతకంటే తెలివైన ఖర్చు లేదు.

ప్రశ్న: మా ఇంటి నేలలో ప్లాస్టిక్ కాదు, రాగి గొట్టాలు. రాగి కదా, శాశ్వతమేనా?

జవాబు: రాగి మంచిదే, కాంక్రీటు దానికి అంత మంచిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కట్టిన లెవిట్‌టౌన్ ఇళ్లలో స్లాబు లోపల రాగి గొట్టాలు వేశారు, దశాబ్దాలు గడిచాక చాలాచోట్ల అవి చిల్లులు పడి, స్లాబును అలాగే వదిలేసి వేరే హీటింగ్ పెట్టుకున్నారు. వేడికి సాగి, చల్లారితే ముడుచుకుంటూ కాంక్రీటుకు రాసుకోవడం, బయటినుంచి తడి, లవణాలు తగలడం, లోపల మట్టిరేణువులు తిరగడం, ఇవన్నీ కలిసి సూది మొనంత రంధ్రం చేస్తాయి. మీది కారట్లేదంటే వాడుకోండి, గొట్టాల పైన తడి చేరకుండా చూసుకోండి. రెండోసారి కారితే మాత్రం మరమ్మతులు ఆపి, ఆ నేల సంగతి మొత్తంగా ఆలోచించండి.

ప్రశ్న: ఒక కంపెనీవాళ్లు నేల తవ్వకుండా గొట్టాల లోపల ఎపాక్సీ (ఆరాక గట్టిపడే జిగురు లాంటి ప్లాస్టిక్) పూత వేస్తామంటున్నారు, కొత్తవాటిలా అవుతాయట. నమ్మొచ్చా?

జవాబు: పద్ధతి ఉన్నమాట నిజమే. లూపులు ఖాళీ చేసి, వేడిగాలితో ఆరబెట్టి, సన్నటి రాపిడి పొడిని గాలితో పంపి లోపల శుభ్రం చేసి, తర్వాత ఎపాక్సీని గాలితోనే తోస్తారు, అది గోడలకు పట్టి గట్టిపడుతుంది. నాకున్న అభ్యంతరం 'కొత్తవాటిలా' అన్న మాట మీద. పాత గొట్టం పెళుసెక్కిందంటే పూత వేసినంత మాత్రాన పెళుసుతనం తగ్గదు, ఆ గొట్టం పూతకు బయటి తొడుగులా మిగులుతుంది. కాబట్టి వాళ్లను ముఖం మీదే అడగండి: పాత గొట్టం పూర్తిగా పోయినా మీ పూత ఒక్కటే ప్రెషర్ తట్టుకుంటుందా, తట్టుకుంటే ఎంత బార్, ఎన్నేళ్లు? ఆక్సిజన్‌ను ఆపుతుందా, ఆ పరీక్ష రిపోర్టు చూపిస్తారా? పూత తర్వాత లోపలి వ్యాసం ఎంత తగ్గుతుంది, ఒక్కో లూపులో పూతకు ముందు నిమిషానికి ఎన్ని లీటర్లు, తర్వాత ఎన్ని? మా గొట్టం ఏ ప్లాస్టిక్కో మీరు పరీక్షించారా, లేక చూడకుండానే ధర చెప్పారా? చివరి ప్రశ్నకు తడబడితే కాఫీ ఇచ్చి పంపేయండి. ఇప్పటికే పగిలి కారుతున్న లూపుకు దీన్ని మందుగా అమ్మజూపినా అంతే.

హీట్ ఎక్స్‌చేంజర్ ఖర్చు, పూత ఖర్చు, పాత సిమెంటు పొరలోనే గాడి కోసి కొత్త గొట్టం పరిచే ఖర్చు, మూడూ రాయించుకుని పక్కపక్కన పెట్టుకున్నాక నిర్ణయించుకోండి. గొట్టం వంగుతూ బాగుండి, నీళ్లు నలుపెక్కడమే బాధ అయితే మొదటిదే చాలు.

ప్రశ్న: చలికాలమంతా ఇల్లు తాళం వేసి వెళ్తున్నాం. మొత్తం ఆపేయొచ్చా?

జవాబు: ఆపేయకండి. 10–12 డిగ్రీల దగ్గర ఉంచి వెళ్లండి. గొట్టంలో నీళ్లు గడ్డకడితే పెక్స్ కొంచెం సాగి ఓర్చుకోవచ్చు, మానిఫోల్డ్, పంపు, వాల్వులు ఓర్చుకోలేవు. కరెంటు పోతుందన్న భయం ఉంటే యాంటీఫ్రీజ్ కలపాలి: 30 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటే సుమారు మైనస్ 13 డిగ్రీల దాకా గడ్డకట్టదు. భద్రంగా ఉంటుంది కదా అని పది శాతం కలిపి ఊరుకోకండి, అంత పలుచగా ఉంటే అందులోని తుప్పు నిరోధకాలు చాలవు, పైగా బ్యాక్టీరియాకు అది తిండి. గ్లైకాల్ కూడా ఏళ్లు గడిస్తే పాడై ఆమ్లంగా మారుతుంది, ఏటా పీహెచ్ చూపించుకోవాలి. నీళ్లకంటే చిక్కగా ఉంటుంది, వేడి కూడా తక్కువ మోస్తుంది, పంపుకు పని పెరుగుతుంది. తప్పనిసరైతేనే కలపండి.

ప్రశ్న: బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెడుతున్నాం. పాత గొట్టాలు పనికొస్తాయా?

జవాబు: వస్తాయి, వాటికిది మంచి రోజు. హీట్ పంప్ 30–35 డిగ్రీల నీళ్లతో బాగా నడుస్తుంది, గొట్టానికి కూడా తక్కువ వేడే హాయి. చూడాల్సింది గొట్టాల మధ్య దూరం. 10–15 సెంటీమీటర్లయితే నిశ్చింత, 30 అయితే అంత చల్లటి నీళ్లతో గది వేడెక్కకపోవచ్చు, నీళ్ల వేడి పెంచితే హీట్ పంప్ కరెంటు బిల్లు పెరుగుతుంది. హీట్ పంప్ లోపలి సందులు చాలా సన్నవి కాబట్టి దాన్ని కలిపే ముందే లూపులన్నీ కడిగించండి, తర్వాత కాదు.

ప్రశ్న: తలుపుకు స్టాపర్ బిగిద్దామని నేలలో డ్రిల్లు వేశాను. బుస్సుమని నీళ్లు వచ్చాయి. ప్రస్తుతం బట్టలు కుక్కి ఉంచాం. త్వరగా చెప్పండి!

జవాబు: ఈ ఉత్తరానికి విడిగా వెంటనే జవాబు పంపాం, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాం. ముందు పంపు ఆపాలి. తర్వాత మానిఫోల్డ్ దగ్గర ఆ లూపు వెళ్లే వాల్వ్, తిరిగొచ్చే వాల్వ్ రెండూ మూయాలి, ఒకటే మూస్తే రెండో వైపు నుంచి వస్తూనే ఉంటాయి. ఏ లూపో తెలియకపోతే మానిఫోల్డ్ పెద్ద వాల్వులు రెండూ మూసేయండి, లూపుల్లో మిగిలిన నీళ్లు కాస్త కారి ఆగిపోతాయి. డ్రిల్లు బిట్టో స్క్రూవో అందులోనే ఉండిపోతే పీకొద్దు, అదే అడ్డుగా ఉండి నీళ్లను ఆపుతుంది, పైగా ప్లంబర్‌కు చోటు వెతికే పని తప్పుతుంది. ఆ లూపు మూశాక మిగతా గదుల్లో వేడి ఆ సాయంత్రమే మళ్లీ నడుపుకోవచ్చు.

మరమ్మతు చిన్నదే. రంధ్రానికి రెండువైపులా జానెడు మేర సిమెంటు జాగ్రత్తగా తీసి, పాడైన ముక్క కోసి, ప్రెస్ కప్లింగ్‌తో (యంత్రంతో నొక్కి బిగించే అతుకు) కలుపుతారు. ఆ కప్లింగ్ సిమెంటుకు నేరుగా తగలకుండా టేపో తొడుగో చుట్టాలి, మూసే ముందు ప్రెషర్ పెట్టి పరీక్షించాలి, ఇది అడిగి చేయించుకోండి. అతుకు ఎక్కడుందో రెండు గోడల నుంచి కొలిచి, ఫొటో తీసి, ప్రింటు మానిఫోల్డ్ పెట్టె తలుపు లోపలివైపు అంటించండి.

ఇకముందు నేలలో ఏదైనా బిగించాలంటే ముందు గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. థర్మల్ కెమెరా అద్దెకు దొరికితే మంచిది. దొరక్కపోతే, నేల బాగా చల్లబడ్డాక స్ప్రేతో పలుచగా తడి చేసి హీటింగ్ ఆన్ చేయండి. టైల్స్ నేలయితే గొట్టం ఉన్న చోట తడి ముందు ఆరిపోయి, చారలు చారలుగా దారి కనబడుతుంది. వెంటనే టేపు అంటించి గుర్తు పెట్టుకోవాలి, కాసేపటికి అంతా ఆరిపోతుంది. చెక్క నేల మీద ఈ పని చేయకండి. తలుపు స్టాపర్‌కైతే డ్రిల్లు అసలే అక్కర్లేదు, జిగురుతో అంటించేవి దొరుకుతాయి.